బ్రాంప్టన్‌కి కొత్తగా వచ్చాం, బాబు డేకేర్‌కి సబ్సిడీ వస్తుందా?

అందరికీ నమస్కారం. పీఆర్ (శాశ్వత నివాసం) మీద వచ్చి రెండు నెలలైంది. నేను వేర్‌హౌస్‌లో చేస్తున్నాను, మా ఆవిడకి వచ్చే నెల నుంచి ఫార్మసీలో ఉద్యోగం. బాబుకి రెండేళ్లు. కెనడాలో డేకేర్ రోజుకి 10 డాలర్లే అని విని వచ్చాం. ఇక్కడ ఒకరు 22 అన్నారు, ఇంకొకరు సీటే లేదన్నారు. తక్కువ జీతం వాళ్లకి వేరే సాయం ఉందట, నిజమేనా? టెన్షన్‌గా ఉంది.

మిస్సిసాగా నుంచి:

తమ్ముడూ, మీరు విన్నవన్నీ నిజమే, కాకపోతే మూడూ కలిసిపోయాయి. 10 డాలర్లు అనేది 2021 ఫెడరల్ బడ్జెట్‌లో పెట్టుకున్న లక్ష్యం, అదీ సగటున. మనముండే ప్రావిన్సు (రాష్ట్రం) ఒంటారియో ఆ పథకంలో చేరింది 2022 మార్చిలో, అన్ని ప్రావిన్సుల కంటే ఆఖరున. 2025 జనవరి నుంచి, ఆ పథకంలో ఉన్న సెంటర్లు ఆరేళ్ల లోపు పిల్లలకి రోజుకి 22 డాలర్లకి మించి తీసుకోకూడదు. దీనికి మీ జీతంతో పని లేదు, మీరు విడిగా అప్లై చేయక్కర్లేదు.

మీరడిగేది ఫీ సబ్సిడీ. అది ఆదాయాన్ని బట్టి ఇస్తారు, మీకు పీల్ రీజియన్, అంటే బ్రాంప్టన్ ఉన్న ప్రాంతపు స్థానిక ప్రభుత్వం, చూస్తుంది. లెక్కలోకి తీసుకునే ఆదాయం ఏడాదికి 20,000 డాలర్ల లోపు ఉంటే మీ వాటా సున్నా, ఆ పైన మెల్లగా పెరుగుతుంది. ఇద్దరూ ఉద్యోగమో చదువో చేస్తున్నట్టు చూపించాలి. ఇక్కడ ఇంకా ట్యాక్స్ ఫైల్ చేయలేదు కదా, ఏ కాగితం చాలో వాళ్లకే ఫోన్ చేసి అడగండి.

అసలు చిక్కు ఎక్కడంటే, సబ్సిడీ వేరు, సీటు వేరు. చాలామంది సబ్సిడీ ఓకే అయ్యాక సెంటర్లు వెతుకుతారు. అలా చేయకండి. ఈ రోజే ఏడెనిమిది చోట్ల వెయిట్‌లిస్టులో పేరు రాయించండి. ఫీజు అందరికీ తగ్గించారు, సీట్లు ఆ మేరకి పెరగలేదు. ముందే క్యూ కట్టే తీరిక, తెలివిడి ఉన్నవాళ్లకే దొరుకుతున్నాయి. ఎవరికోసం పెట్టారో వాళ్లే వెనక నిలబడుతున్నారని నాకు కోపం. సరే, అది పక్కన పెడదాం.

వెయిట్‌లిస్టుకి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, 2016 నుంచి ఒంటారియోలో అది నిషేధం.

బ్రాంప్టన్ నుంచి, ఇద్దరు పిల్లల నాన్న:

అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మీ వాడికి రెండున్నర నిండితే కాస్త సులువవుతుంది. 18 నుంచి 30 నెలల పిల్లలైతే ఐదుగురికి ఒక టీచర్ ఉండాలి, ఆ తర్వాత ఎనిమిది మందికి ఒకరు చాలు. అందుకే సెంటర్‌కి ఫోన్ చేసినప్పుడు ఇప్పటి సీటే కాదు, రెండున్నర నిండినవాళ్లుండే ప్రీస్కూల్ గదిలో ఎప్పుడు ఖాళీ అవుతుందో కూడా అడగండి. నాలుగేళ్లు నిండే ఏడాది సెప్టెంబర్ నుంచి స్కూల్లోనే ఫుల్ డే కిండర్‌గార్టెన్, ఉచితం.

మీకు నైట్ షిఫ్టులైతే సెంటర్ టైమింగ్స్ కుదరవు. లైసెన్స్ ఉన్న ఏజెన్సీ కింద ఇంట్లో చూసేవాళ్లని అడగండి, వాళ్లలోనూ ఈ పథకంలో ఉన్నవాళ్లున్నారు. మేము మొదట తెలిసినావిడ దగ్గర క్యాష్ ఇచ్చి వదిలాం. మనిషి మంచిదే, పాపని బాగానే చూసింది. కానీ రసీదు ఇవ్వలేదు. ఏడాది ఖర్చులో ఒక్క డాలరు కూడా ట్యాక్స్‌లో చూపించుకోలేకపోయాం.

మిస్సిసాగా నుంచి:

అవును, రసీదు చాలా ముఖ్యం. ఏడేళ్ల లోపు పిల్లకి ఏడాదికి 8,000 డాలర్ల వరకు ఆదాయంలోంచి తీసేయొచ్చు. మామూలుగా ఇద్దరిలో తక్కువ సంపాదించేవాళ్లు చూపించుకోవాలి.

చైల్డ్ బెనిఫిట్‌కి, అంటే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బుకి, అప్లై చేశారా? పీఆర్ కాబట్టి ఆగక్కర్లేదు. వర్క్ పర్మిట్ మీదున్నవాళ్లకైతే 18 నెలలు నిండాలి. జీతం లేకపోయినా ఇద్దరూ ఏటా ట్యాక్స్ ఫైల్ చేయాలి, లేకపోతే జులైలో డబ్బు ఆగిపోతుంది.

అడిగినవాడిని:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. చైల్డ్ బెనిఫిట్ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, ఈ రాత్రే ఫారం నింపుతాం. పొద్దున రీజియన్ వాళ్లకి ఫోన్ చేస్తాను. నాలుగు సెంటర్లలో పేరు ఇచ్చాం. ఒకచోట ప్రీస్కూల్ గదిలో మార్చిలో ఖాళీ రావచ్చన్నారు.