ఆర్‌సీ కారు వెనక డిఫ్‌లో క్రౌన్-పినియన్ రెండు నెలల్లో మూడోసారి అరిగింది, ఎక్కడ చూడాలి?

పానగల్ బగ్గీ (నల్లగొండ)
అందరికీ నమస్తే. నాది రిమోట్‌తో నడిపే ఆర్‌సీ కారు, 1/10 సైజు (అసలు బండిలో పదో వంతు) ఫోర్‌వీల్ డ్రైవ్ బగ్గీ, బ్రష్‌లెస్ మోటారు, 3ఎస్ (మూడు సెల్‌ల) లైపో బ్యాటరీ. ఉదయసముద్రం వైపు ఖాళీ జాగాలో నడుపుతాను, అంతా ఎర్రమట్టి, సన్న రాళ్లు. వెనక డిఫ్‌లో (రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్) క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే గేరు) రెండూ కలిపి ఇది మూడో సెట్టు. మొదట త్రాటిల్ గట్టిగా కొట్టినప్పుడు టకటకమని శబ్దం వస్తుంది, నాలుగైదు బ్యాటరీలు అయ్యేసరికి కరకరమని పళ్లు జారిపోతాయి. విప్పి చూస్తే పళ్ల కొసలు గుండ్రంగా అరిగి ఉన్నాయి, మొదళ్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. లోపలి చిన్న గేర్లు బాగానే ఉన్నాయి. ప్రతిసారీ గ్రీజు నిండా పెట్టాను. స్టీలు గేర్లు కొందామంటే మూడు రెట్లు ధర. కొనాలా, లేక తప్పు ఇంకెక్కడైనా ఉందా?

పాలమూరు ఆర్‌సీ
అన్నా, ఇప్పుడే కొనకు. లోపలి గేర్లు బాగున్నాయన్నావు కదా, సగం జవాబు అందులోనే ఉంది. లోపలివి అరిగితే ఆయిల్ కారిపోయిందనో, ఆ గేర్లను మోసే అడ్డపిన్ను వదులైందనో అనుకోవాలి. నీకు అరిగింది బయటి జత. అంటే క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య సందు పెరిగింది.

ఒకటి చేసి చూడు. గేర్‌బాక్స్ మూత తీసి, డిఫ్‌ను వేళ్లతో పట్టుకుని కుడికీ ఎడమకూ కదిలించు. కదులుతోందా? కదిలితే ఎంత? తర్వాత మధ్య షాఫ్టును కదలకుండా పట్టుకుని, వెనక చక్రాలు రెండూ ఒకేసారి ముందుకూ వెనక్కూ ఆడించు. ఆ ఆట చాలా ఎక్కువ ఉంటే ఎన్ని కొత్త గేర్లు వేసినా ఇదే కథ.

ట్రాక్టర్ షెడ్ (దేవరకొండ)
నేను ట్రాక్టర్ మెకానిక్‌ను, ఇరవై ఏళ్లుగా ఇదే పని. మా అబ్బాయికి ఇలాంటి కారు ఉంది కాబట్టి ఈ చర్చ చదువుతుంటాను. సైజు చిన్నదే గానీ రోగం ఒకటే.

క్రౌన్-పినియన్ తిరిగేటప్పుడు పళ్లు ఒకదాన్నొకటి తిప్పడమే కాదు, దూరంగా నెట్టుకుంటాయి కూడా. పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఆ తోపుడు తప్పదు. దాన్ని ఆపేది బేరింగులు, వాటిని పట్టుకున్న హౌసింగ్. బేరింగు వదులైనా, హౌసింగ్ వంగినా క్రౌన్ పక్కకు జరుగుతుంది, పళ్లు లోతుగా పట్టవు, కొసలతోనే బరువు లాగుతాయి. బాబుకు కొసలే అరిగాయంటే సరిగ్గా అదే జరిగింది. పాత బేరింగుల్లో కొత్త క్రౌన్ బిగించిన ట్రాక్టర్ మళ్లీ షెడ్డుకు రావడం ఎన్నోసార్లు చూశాను.

పట్టు ఎలా ఉందో కంటితో చూడొచ్చు. గేరు పళ్లను శుభ్రంగా తుడిచి, నాలుగైదు పళ్లకు పెయింట్ మార్కర్ పూయండి. బిగించి, చక్రాలను చేత్తో కొంచెం అదిమిపట్టి షాఫ్టును నాలుగు చుట్లు తిప్పండి. మళ్లీ తీసి రంగు ఎక్కడ చెరిగిందో చూడండి. పంటి నడిమి భాగంలో చెరిగితే మంచిది. కొసన మాత్రమే చెరిగితే క్రౌన్‌ను పినియన్ దగ్గరికి తేవాలి. మేము పెద్ద బండ్లకు రోజూ చేసే పనే ఇది, కాకపోతే వాడే రంగు వేరు.

మిర్యాలగూడ కల్లం
నాకూ ఇలాగే శబ్దం వస్తే ఎవరో చెప్పారని డిఫ్‌లో 5 లక్షల సీఎస్‌టీ (ఆయిల్ చిక్కదనం కొలత) ఆయిల్ పోశాను. దాదాపు లాక్ అయిపోయింది. మేము నడిపేది రైస్‌మిల్లు దగ్గర వడ్లు ఆరబోసే సిమెంటు కల్లంలో, టైరు అసలు జారదు. మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు వేగంతో తిరగాలి కదా, తిరగలేక డ్రైవ్ షాఫ్టు విరిగింది. మట్టిలో అయితే టైరు జారి బతికిపోయేదేమో. చిక్కటి ఆయిల్‌తో క్రౌన్-పినియన్ సందు తగ్గదని అప్పుడు అర్థమైంది. అవి రెండూ వేర్వేరు విషయాలు. ఇప్పుడు ముందు డిఫ్‌లో 20,000, వెనక డిఫ్‌లో 10,000 సీఎస్‌టీ వాడుతున్నాను.

ఇంకోటి బ్రో, జంప్‌లో గాలిలో ఉన్నప్పుడు త్రాటిల్ వదిలేస్తున్నావా? నొక్కి ఉంచితే చక్రాలు పిచ్చి వేగంతో తిరుగుతాయి, నేల తాకగానే ఒక్కసారిగా ఆగుతాయి. ఆ దెబ్బంతా పళ్ల మీదే పడుతుంది.

వనపర్తి వీల్స్
గ్రీజు నిండా పెట్టానన్నారు, దాని గురించి చెప్పాలి. మన చెల్క నేలలు గ్రానైట్ రాయి అరిగి తయారైనవి. ఆ దుబ్బలో ఉండే తెల్లటి సన్న రేణువులు క్వార్ట్జ్. మామూలు స్టీలు కన్నా గట్టివి. అవి గ్రీజులో కలిస్తే వాల్వులు రుద్దే పేస్టులాగా పనిచేస్తాయి. గ్రీజు ఎంత ఎక్కువ పెడితే అంత దుబ్బ అంటుకుంటుంది. నేను పళ్లకు పలచగా ఒక్క పూత పూసి, మూత అంచుల మీదా, మధ్య షాఫ్టు లోపలికి వెళ్లే చోటా చూస్తాను. దుబ్బ దూరేది ఎక్కువగా అక్కడే. ఆరు బ్యాటరీలకు ఒకసారి విప్పి, లోహపు గేర్లను కిరోసిన్‌లో కడిగి ఆరబెడతాను.

డిఫ్ లోపలికి మాత్రం సిలికాన్ ఆయిలే. ఒకసారి ఓ-రింగులకు మామూలు సైకిల్ గ్రీజు రాశాను, రెండు వారాల్లో ఉబ్బిపోయి ఆయిల్ కారడం మొదలైంది. ఆయిల్ కూడా అంచు దాకా పోయకండి. అడ్డపిన్ను మునిగితే చాలు, వేడికి వ్యాకోచించడానికి చోటు ఉండాలి.

పానగల్ బగ్గీ (నల్లగొండ)
అందరికీ చాలా థాంక్స్. ఈ రోజు పూర్తిగా విప్పాను. డిఫ్ పక్కలకు స్పష్టంగా కదులుతోంది. బేరింగులు చేత్తో తిప్పితే నున్నగానే ఉన్నాయి, కానీ ఎడమ బేరింగు కూర్చునే ప్లాస్టిక్ గుంత కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయింది! మూత స్క్రూలు రెండు వదులు. మార్కర్ పరీక్షలో రంగు కొసనే చెరిగింది, దేవరకొండ సార్ చెప్పినట్టే. మూడు సెట్లు కొన్నాను గానీ ఒక్కసారి కూడా హౌసింగ్ వైపు చూడలేదు. జంప్ మాట కూడా నిజమే, గాలిలో త్రాటిల్ వదలడం లేదు.

షిమ్ములు (సందు పూడ్చే పలచని వాషర్లు) ఏ వైపు వేయాలి? బేరింగు సైజు 10×15×4.

పాలమూరు ఆర్‌సీ
ఆ బేరింగు నంబరు 6700. రబ్బరు సీలు ఉన్నది తీసుకో, మన దుబ్బకు అదే నయం. సికింద్రాబాద్ వెళ్లే పని ఉంటే రాణిగంజ్ బేరింగు షాపుల్లో అడుగు.

ముందు హౌసింగ్ మార్చు. సాగిన గుంతలో షిమ్ము నిలబడదు. తర్వాత క్రౌన్ వెనక వైపు, అంటే పళ్లు లేని వైపు, బేరింగుకూ డిఫ్‌కూ మధ్య 0.1 మి.మీ. షిమ్ము ఒకటి వేసి చూడు. చాలకపోతే ఇంకొకటి. ఒక పూర్తి చుట్టు తిప్పు, ఎక్కడా బిగుసుకోకూడదు. ఒక చోట వదులుగా, ఒక చోట బిగుతుగా ఉంటే బిగుతు ఉన్న చోటును బట్టి సరిచెయ్యి. వేలికి అందీ అందనంత ఆట మిగలాలి.

మూత వేసే ముందు క్రౌన్ ఏ వైపు ఉందో ఫోటోతో పోల్చుకో. నేనొకసారి తిరగేసి బిగించాను. ముందు చక్రాలు ముందుకు, వెనకవి వెనక్కు. త్రాటిల్ కొట్టగానే బండి నిలబడి గింజుకుంది.

ట్రాక్టర్ షెడ్ (దేవరకొండ)
క్రౌన్, పినియన్ రెండూ జతగానే మార్చండి. అరిగినదానితో తిరిగితే కొత్తది కూడా దాని దారే పడుతుంది. స్క్రూలు ఒకవైపు నుంచి వరసగా కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూను పెట్టేటప్పుడు మొదట విప్పే వైపు తిప్పండి, పాత మరలో టక్కున పడ్డాక బిగించండి. లేకపోతే మర పోతుంది.

పానగల్ బగ్గీ (నల్లగొండ)
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. కొత్త హౌసింగ్, కొత్త బేరింగులు, క్రౌన్ వెనక 0.2 మి.మీ. షిమ్ము. గేర్లు మామూలువే వేశాను, స్టీలువి కొనలేదు. మొదటి బ్యాటరీ సగం త్రాటిల్‌తోనే నడిపాను. స్లిప్పర్ క్లచ్ (ఒక్కసారిగా దెబ్బ పడితే జారి గేర్లను కాపాడేది) పూర్తిగా బిగించి ఉండేది, దాన్ని కొంచెం వదులు చేశాను. మధ్యాహ్నం ఎండలో నడపడం మానేశాను, ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతోందని నా అనుమానం. ఇప్పటికి తొమ్మిది బ్యాటరీలు అయ్యాయి, శబ్దం లేదు. నిన్న విప్పి మళ్లీ మార్కర్ పూశాను, రంగు పంటి నడుమ చెరిగింది.

ముందు డిఫ్ కూడా కొద్దిగా పక్కకు కదులుతోంది. ఆదివారం దాన్ని విప్పుతాను, 0.1 షిమ్ములు రెండు మిగిలే ఉన్నాయి.