పాత చిన్న తెరచాప పడవకు హాల్యార్డులు, క్లీట్లు, పుల్లీలు మార్చినవాళ్లు చెప్పండి

కారకంబాడి_రోడ్డు
చెన్నైలో ఒకాయన దగ్గర పాత ఎంటర్‌ప్రైజ్ పడవ కొన్నా. జాక్ హోల్ట్ 1956లో గీసిన డిజైను, 13 అడుగుల 3 అంగుళాలది, నీలం తెరచాపలు. ఫైబర్ హల్ (పడవ ఒళ్లు), పక్కన మూసేసిన గాలి ట్యాంకులు ఉండాయి. తిరుపతిలో ఇంటి వెనక షెడ్డులో పెట్టి పని చేస్తా ఉండా, నీళ్లలోకి దించేది తడ దగ్గర పులికాట్‌లో.

మూడు మార్పులు అనుకుంటా ఉండా. తెరచాపను పైకి ఎత్తే తీగ హాల్యార్డులు తీసేసి తాడు వేయాల. అవి మాస్టు (తెరచాప కట్టే స్తంభం) మొదట్లో కాకుండా నేను కూర్చునే చోటికి వచ్చేట్టు తిప్పాల. డెక్ (పడవ పైభాగం) మీది, తాడు చుట్టి కట్టే పాత కొమ్ము క్లీట్లు పీకేసి, తాడును పళ్లతో పట్టే క్యామ్ క్లీట్లు బిగించాల. చేసినవాళ్లు ఏమేం చూసుకోవాలో చెప్తే మేలు.

తడ_పడవ
అన్నా, తాడు కొనే ముందు మాస్టు పైన ఉండే చక్రం దించి చూడండి. తీగ కోసం చేసిన చక్రానికి గాడి సన్నగా, లోతుగా ఉంటాది. తాడు అందులో సరిగా కూర్చోదు, అంచులకు ఒరుసుకుని పైపొర చిట్లిపోతాది. చక్రం మార్చినాకే తాడు.

మెయిన్‌కు (పెద్ద తెరచాప) సాగడం తక్కువుండే పాలిస్టర్ తాడు చాలు. జిబ్‌ది (ముందుండే చిన్న తెరచాప) వేరే లెక్క. ఈ రకం పడవల్లో జిబ్ ఎత్తి బిగించినాక ముందరి స్టే (మాస్టును ముందు నుంచి పట్టే తీగ) వదులైపోతాది. అప్పుడు మాస్టును ముందు నుంచి పట్టేది జిబ్ అంచులోని తీగే. హాల్యార్డు సాగిందంటే ఆ అంచు గాలికి పక్కకు వంగిపోయి, పడవ గాలికి ఎదురెక్కదు. అక్కడ తీగే ఉంచండి, లేదంటే డైనీమా (దాదాపు సాగని గట్టి తాడు) వేయండి. డైనీమా జారుడు కాబట్టి, క్లీట్ పట్టే చోట పాలిస్టర్ తొడుగు ఉన్నది తీసుకోండి.

క్యారేజ్_షాపు_రిటైర్డ్
నేను రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో పని చేసి రిటైర్ అయినా. మా తమ్ముడి పడవకు తీగలు నేనే చూస్తా. క్లీట్ల సంగతి తరవాత, ముందు మాస్టును పక్కల నుంచి పట్టే ష్రౌడ్లు చూడు నాయనా. అవి తెగితే మాస్టు మనిషి మీదే పడతాది.

గుప్పెడు దూదితో తీగ పొడుగునా తుడువు. ఒక్క పోగు తెగి ఉన్నా దూది చిక్కుకుంటాది. ఆ తీగ ఇంక పనికిరాదు. తీగ చివర నొక్కి బిగించిన గొట్టాలూ, హల్‌కు ష్రౌడ్ తగిలించే పట్టీలూ కంటికి బాగానే కనిపిస్తాయి. వాటికి డై పెనెట్రెంట్ కొట్టు. వెల్డింగ్ సామాన్లు అమ్మే చోట మూడు డబ్బాల సెట్టు దొరుకుతాది. క్లీనర్‌తో జిడ్డు తీసి, ఎర్ర రంగు కొట్టి, డబ్బా మీద రాసిన టైము దాకా ఆగు. ఆ తరవాత క్లీనర్‌ను గుడ్డకు కొట్టి తుడవాల. వస్తువు మీదే కొడితే పగుల్లోకి దిగిన రంగు కూడా కడిగేసుకుపోతాది. పైన తెల్ల డెవలపర్ పల్చగా కొడితే, పగులుంటే వెంట్రుకంత ఎర్ర గీత పైకి వస్తాది. గీత వచ్చిన దాన్ని వెల్డింగ్ చేయించొద్దు, పారేయ్.

కొత్త స్టెయిన్‌లెస్ స్టీలు 316 రకం తీసుకో. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటాది, ఉప్పు నీళ్లకు తట్టుకునేది దాని వల్లే. అయస్కాంతం పెట్టి 304, 316 తేడా తెలీదు. మాకు ఒక చోట 316 అని చెప్పి 304 అంటగట్టినారు. స్టీలు వ్యాపారుల దగ్గర మాలీ టెస్టు ద్రావణం ఉంటాది, ఒక్క చుక్కతో తేలిపోతాది.

చిత్తూరు_ఫైబర్
ఫైబర్ పని నా వృత్తి, అందుకే డెక్ సంగతి చెప్తా. ఫైబర్ డెక్‌లో క్లీట్లు వచ్చే చోట లోపల ప్లైవుడ్ ముక్క పెట్టి పైన ఫైబర్ పరిచేవాళ్లు. ఏళ్ల తరబడి పాత స్క్రూ రంధ్రాల్లో నీళ్లు దిగి ఆ ముక్క కుళ్లుతాది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటా పో. గట్టి చోట టక్కుమంటాది, కుళ్లిన చోట మొద్దుగా పలుకుతాది. అనుమానముంటే పాత రంధ్రంలోనే డ్రిల్ పెట్టు. పొట్టు తెల్లగా, పొడిగా వస్తే సరే. నల్లగా, తడిగా వస్తే ఆ ముక్క తీసేయాల్సిందే.

కొత్త క్లీట్ స్క్రూలతో వద్దు, ఆరపార బోల్టు వేసి కింద వెడల్పు ప్లేటు పెట్టు. రంధ్రం పెద్దదిగా తొలిచి, చిక్కటి ఎపాక్సీ జిగురు నింపి, గట్టిపడినాక మధ్యలో బోల్టు సైజుకు మళ్లీ తొలువు. నీళ్లు కారినా చెక్కకు తగలవు. పై అంచు కొంచెం ఏటవాలుగా గీకి, బ్యూటైల్ టేపు (నీళ్లు దిగకుండా అంటుకునే మెత్తటి టేపు) చుట్టి బిగించు.

ఇంకో మాట. మీ ట్యాంకులే మీ ప్రాణం. పడవ తిరగబడితే తేల్చేది ఆ గాలే. ట్యాంకు మీద వేసే ప్రతి బోల్టూ ఒక లీకు కావచ్చు. పని అయినాక లోపలికి మెల్లగా గాలి ఊది, పైన సబ్బు నీళ్లు పూసి బుడగలు చూడండి. కంప్రెసర్ మాత్రం పెట్టొద్దు, ట్యాంకు పగుల్తాది.

సూళ్లూరుపేట_అక్క
హాల్యార్డులు వెనక్కి తిప్పడం గురించి. తాడును 90 డిగ్రీలు తిప్పితే ఆ పుల్లీ మీద పడే బరువు తాడులో ఉన్నదానికి 1.4 రెట్లు. ఆ పుల్లీని డెక్‌కు బిగిస్తే డెక్‌ను పైకి లాగుతానే ఉంటాది. తిప్పాలనుకుంటే మాస్టు అడుగుకే తగిలించు తమ్ముడూ. పైగా ఇద్దరు నడిపే చిన్న పడవలో ఒకసారి ఎత్తిన తెరచాపను ఎన్నిసార్లు దించుతాం? నా మాట వింటే హాల్యార్డులు అక్కడే వదిలెయ్.

చేతికి దగ్గర ఉండాల్సినవి వేరే. పులికాట్‌లో చాలా చోట్ల లోతు మనిషి ఎత్తు కూడా ఉండదు, ఎండాకాలం ఇంకా తగ్గిపోతాది. సెంటర్‌బోర్డు (పడవ అడుగున నీళ్లలోకి దించే పలక) తాడు, చుక్కాని దించే తాడు నీ చేతికి అందాల. చుక్కానికి ఆటో రిలీజ్ క్లీట్ వేస్తే, బురద తగిలినప్పుడు తాడు తనంతట తాను వదిలేస్తాది, చుక్కాని విరగదు. బాల్ బేరింగ్ పుల్లీల్లో సన్న బురద చేరతాది, ఇంటికొచ్చి మంచినీళ్లతో కడిగితే చాలు. గ్రీజు పూస్తే ఇసుకంతా దానికే అంటుకుంటాది.

మాస్టు నిలబెట్టే ముందు పైన కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూడు. అల్యూమినియం మాస్టు తీగకు తగిలితే మనిషి మిగలడు. మన వైపు పులికాట్ పక్షుల అభయారణ్యం, అటవీ శాఖను అడిగి దించండి. చలికాలంలో ఫ్లెమింగోలు మేసే చోటికి అసలు పోవద్దు.

తడ_పడవ
హాల్యార్డుల విషయంలో అక్క మాటకు నేను సగమే ఒప్పుకుంటా. ఒక్కడే పోయేవాడికి, గాలి పెరిగి తెరచాప తగ్గించాల్సి వస్తే మాస్టు దాకా పాకడం ప్రమాదం. అట్లాంటివాళ్లకు మెయిన్ ఒక్కటి వెనక్కి ఉండాల.

మాస్టు మీద కొత్త ఫిట్టింగ్‌లు వేస్తే స్టెయిన్‌లెస్‌కూ అల్యూమినియంకూ మధ్య డ్యూరాలాక్ (రెండు లోహాలు ఆనకుండా పూసే పేస్టు) పూయండి. ఉప్పు తడిలో ఆ రెండూ నేరుగా ఆనుకుంటే అల్యూమినియం తెల్ల పొడిగా రాలిపోతాది. రివెట్లు మోనెల్‌వి (నికెల్, రాగి కలిసిన లోహం) దొరికితే అవే మేలు.

కారకంబాడి_రోడ్డు
అందరికీ దండాలు. నేను ఎప్పుడూ మా బావతోనే పోతా, కాబట్టి హాల్యార్డులు మాస్టు దగ్గరే ఉంచుతా. ముందు ష్రౌడ్లకు రంగు పరీక్ష, తరవాత సెంటర్‌బోర్డు తాడు. కుడి పక్క క్లీట్ చోటు తట్టి చూస్తే మొద్దుగానే పలుకుతా ఉంది. కింద ప్లేటు పెట్టాలంటే ట్యాంకులోకి చెయ్యి పోవాల కదా, మూత ఎంత సైజుది కొనాల?

చిత్తూరు_ఫైబర్
కొనే ముందు వార్తాపత్రికలో ఆ సైజు గుండ్రం కోసి, స్పానర్ పట్టుకున్న చెయ్యి మోచేతి దాకా దూరుతుందేమో చూసుకో. మరతో తిరిగే మూత, రబ్బరు రింగు ఉన్నది తీసుకో. డెక్ మీద కాదు, ట్యాంకు లోపలి వైపు నిలువు గోడకు పెట్టు. కోసిన అంచుకు ఎపాక్సీ పూసి ఆరనిచ్చినాకే మూత బిగించు. కుళ్లిన ముక్క పూర్తిగా బయటికి రాకపోతే ఫోటో పెట్టు, ఎంత మేర కోయాలో చెప్తా.