కొత్తిమీర లేకుండా సల్సా: పుదీనా వేస్తే తప్పేంటి?

నిజాంపేట్_వంటిల్లు
శనివారం సాయంత్రం మా ఇంటికి నలుగురైదుగురు వస్తున్నారు. చిప్స్‌లోకి సల్సా, అదే మెక్సికో వాళ్ల టమాటా పచ్చడి, ఇంట్లోనే చేద్దామని ఉంది. నాటు టమాటాలు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నిమ్మరసం, ఉప్పు, ఇక్కడిదాకా గొడవ లేదు. గొడవంతా కొత్తిమీర దగ్గరే. మా ఆడపడుచుకి ఆ వాసనే పడదు, సబ్బు నమిలినట్టు ఉంటుందంటుంది. మా అత్తమ్మ "పుదీనా వెయ్యి, బాగుంటది" అంటోంది. మా ఆయనేమో ఆకు మారిస్తే అది సల్సానే కాదంటాడు. పైగా ఈ ఎండలకి పొద్దున తెచ్చిన కొత్తిమీర కట్ట సాయంత్రానికి వడలిపోతోంది. మీరైతే ఏం చేస్తారు?

మలక్‌పేట్_మిర్చి
మీ ఆయన మాటే నా మాట. పచ్చి సల్సాలో ఉడికేది లేదు, వేగేది లేదు. ఉన్నవే ఐదారు వస్తువులు, దేని రుచి దానికి విడిగా తెలుస్తుంది. అందులో కొత్తిమీర తీసి పుదీనా పెట్టారనుకోండి, నోట్లో పడగానే బిర్యానీ గుర్తొస్తుంది. హైదరాబాద్ నాలుకకి పుదీనా, ఉల్లిగడ్డ, నిమ్మకాయ కలిస్తే ఇంకేం గుర్తొస్తుంది చెప్పండి! ఆడపడుచు గారికి ఏ ఆకూ వేయకుండా ఒక గిన్నె ముందే తీసి పెట్టండి. అందరి గిన్నె ఎందుకు పాడుచేయడం?

రోలు_రోకలి
మిర్చి అన్నా, కొత్తిమీర మీద అంత పట్టుదల ఎందుకో. టమాటా, మిరప మెక్సికోవే, ఒప్పుకుంటా. కొత్తిమీర మాత్రం మధ్యధరా, పశ్చిమాసియా వైపు మొక్క. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు దిగాకే మెక్సికో చేరింది. ఉల్లిగడ్డ, నిమ్మ కూడా వాళ్ల వెంట వచ్చినవే. అంటే మీరు లెక్కపెట్టిన ఐదారింటిలో సగం బయటివి. అక్కడ మాత్రం కొత్తిమీర ఒక్కదానికే పేటెంట్ ఉందా? మెక్సికోలోనే ప్యూబ్లా వైపు సెమీతా అనే శాండ్‌విచ్‌లో పాపలో అనే ఘాటైన ఆకు పచ్చిదే పెట్టుకు తింటారు.

మలక్‌పేట్_మిర్చి
బయటి నుంచి వచ్చింది కాబట్టి తీసేసినా పర్లేదంటే, మిరపకాయ మనకి పోర్చుగీసు వాళ్లు తెచ్చిందే. ఆవకాయలోంచి తీసేద్దామా అన్నా? వచ్చి ఇన్ని వందల ఏళ్లు కాపురం చేశాక అది ఆ ఇంటిదే.

తార్నాక_ల్యాబ్‌కోటు
చరిత్ర మీరిద్దరూ తేల్చుకోండి, నేను ఆడపడుచు గారి తరఫున వస్తా. ఆమెది వంకలు పెట్టడం కాదు. కొత్తిమీర ఆకు వాసన ఆల్డిహైడ్లనే పదార్థాల వల్ల వస్తుంది. అలాంటివే సబ్బుల్లోనూ ఉంటాయి. వాటిని పసిగట్టే ఓఆర్6ఏ2 అనే జన్యువు దగ్గర చిన్న తేడా ఉన్నవాళ్లకి సబ్బు వాసన ఎక్కువగా తెలుస్తుందని 2012లో ఒక పరిశోధన చెప్పింది. అదే ఏడాది కెనడాలో చేసిన ఇంకో అధ్యయనంలో కొత్తిమీర నచ్చనివాళ్లు దక్షిణాసియా మూలాలున్నవాళ్లలో 7 శాతం, తూర్పు ఆసియా మూలాలున్నవాళ్లలో 21 శాతం తేలారు. అందుకే మన ఇళ్లల్లో ఇలాంటివాళ్లు తక్కువ, ఉన్న ఒక్కరిని అందరూ ఆటపట్టిస్తారు.

ఆకు మార్చే ముందు ఒకటి చేసి చూడండి. కొత్తిమీరని తరగకుండా నూరండి. ఆకు నలిగితే అందులోని ఎంజైములు బయటికొచ్చి ఆ ఆల్డిహైడ్లని విడగొడతాయి, ఘాటు తగ్గుతుంది. గుప్పెడు కొత్తిమీర లేత కాడలతో సహా, రెండు పచ్చిమిర్చి, కొంచెం కల్లుప్పు రోట్లో వేసి ముద్దగా నూరండి. పది నిమిషాలు అలా వదిలేసి, తర్వాత టమాటా, ఉల్లిగడ్డ ముక్కలు కలపండి. మెక్సికోలోనూ మోల్కాహెతే అనే నల్లరాతి రోట్లో నూరే అలవాటు ఉంది, కాబట్టి మిర్చి గారికి కూడా అభ్యంతరం ఉండకూడదు. అందరికీ పనిచేస్తుందని మాత్రం హామీ ఇవ్వలేను, ముందు ఆమెకి ఒక చెంచా రుచి చూపించండి.

సీతాఫల్‌మండి_పిన్ని
అమ్మాయ్, మీ అత్తగారు చెప్పింది కొట్టిపారేయకు. కాకపోతే కొత్తిమీర ఎంత వేస్తావో అంత పుదీనా వేస్తే చెడుతుంది. నాలుగో వంతు చాలు. కాడలు అస్సలు వద్దు, ఆకులే గిల్లుకో. పుదీనా తరిగిన కాసేపటికే అంచులు నల్లబడతాయి. కత్తి మొద్దుదైతే ఇంకా తొందరగా, బోర్డు మీదే పసరు కారిపోయి చేదెక్కుతుంది. కాబట్టి టమాటా, ఉల్లిగడ్డ, ఉప్పు ముందే కలిపి, ఊరిన నీళ్లు కొంచెం వంచేసి, వాళ్లు వచ్చి కూర్చున్నాక పుదీనా తరిగి వెయ్యి. మిగతా పచ్చదనానికి ఉల్లికాడలు.

ఇంకో మాట. అందులో తెల్ల ముల్లంగి సన్నగా తరిగి వెయ్యి. మెక్సికో పక్కనే ఉన్న గ్వాటెమాలాలో ముల్లంగి, పుదీనా, నిమ్మరసం కలిపి చోహీన్ అని చేస్తారు (వాళ్లు వేయించిన పంది చర్మం కూడా వేస్తారు, అది మీ ఇష్టం). ముల్లంగి పక్కన ఉంటే పుదీనా వేరే ఊరి నుంచి వచ్చినట్టు ఉండదు.

గచ్చిబౌలి_బ్యాచిలర్
ఇంత టెన్షన్ ఎందుకండీ, గోంగూర వేసేయండి. ఫ్యూజన్!

సీతాఫల్‌మండి_పిన్ని
గోంగూర పులుపు కోసం వేసే ఆకు నాయనా, వాసన కోసం కాదు. వేయాలంటే నిమ్మకాయ మానేసి వేసుకో, అదీ పెనం మీద మగ్గబెట్టాకే. పచ్చిది తరిగి చిప్స్ మీద పెట్టుకుంటే నీకే తెలుస్తుంది.

గచ్చిబౌలి_బ్యాచిలర్
సరే పిన్నీ. పోనీ ధనియాల పొడి? అదీ ఆ మొక్కదేగా.

తార్నాక_ల్యాబ్‌కోటు
మొక్క ఒకటే, వాసన వేరు. ధనియాల్లో ముఖ్యంగా ఉండేది లినలూల్ అనే వాసన పదార్థం, ఆకులో ఉండేది పైన చెప్పిన ఆల్డిహైడ్లు. పచ్చి టమాటా ముక్కల మీద ధనియాల పొడి చల్లితే నోటికి పొడిపొడిగా తగులుతుంది. సీసాల్లో వచ్చే ఎండు కొత్తిమీర ఆకు కూడా వద్దు. ఎండేసరికి వాసనంతా పోతుంది, రంగు తప్ప మిగిలేదేం లేదు.

బాల్కనీ_తోట
అందరూ పచ్చి సల్సా దగ్గరే ఆగిపోయారు. కాల్చిన సల్సా చేస్తే సగం గొడవ ఉండదు. అందులో కొత్తిమీర లేకపోయినా ఎవరూ అడగరు.

టమాటాలు, సగం ఉల్లిగడ్డ, తొక్క తీయని వెల్లుల్లి రెబ్బలు ఇనప పెనం మీద నల్లమచ్చలు పడేదాకా తిప్పుతూ కాల్చండి. టమాటా తొక్క చిట్లి, రసం పెనం మీద చుయ్యిమని అంటుకోవాలి. ఎండుమిర్చి చివర్లో వేసి, వాసన రాగానే తీసేయాలి. మాడితే చేదు. వెల్లుల్లి తొక్క తీసేసి అన్నీ నూరి, చెంచాడు నూనెలో ఐదు నిమిషాలు ఉడికించండి. మెక్సికోలో ఇలాంటివాటిలో ఒరెగానో వేస్తుంటారు. అది పిజ్జాతో వచ్చే ప్యాకెట్లలోది కాదు, మన లాంటానా పొదల కుటుంబానికి చెందిన వేరే మొక్క. ఇక్కడ దానికి దగ్గరగా వచ్చేది వాము ఆకు. రెండిటిలోనూ థైమాల్, కార్వక్రాల్ అనే వాసన పదార్థాలు ఉంటాయి. ఉడుకుతున్నప్పుడు ఒక్క ఆకు చేత్తో చించి వేయండి, రెండో ఆకు వద్దు. పచ్చి సల్సాలో అసలే వద్దు, మందపాటి నూగు ఆకు, కషాయం తాగినట్టు ఉంటుంది.

మలక్‌పేట్_మిర్చి
ఇది ఒప్పుకుంటా. కాల్చినదాంట్లో ఆకు పక్కవాయిద్యమే. పచ్చిదాంట్లో పుదీనాకి మాత్రం నా ఓటు లేదు, ముల్లంగి వేసినా సరే.

రోలు_రోకలి
మీ ఓటు లేకపోయినా గిన్నె ఖాళీ అవుతుంది అన్నా.

నిజాంపేట్_వంటిల్లు
కొత్తిమీర నూరి ఒకటి, కాల్చి ఒకటి చేస్తా. పుదీనా ముల్లంగిది అత్తమ్మకే అప్పజెప్పా, ఆమె హుషారు చూడాలి! వాము ఆకు ఎర్రగడ్డ రైతుబజార్‌లో దొరుకుతుందా?

బాల్కనీ_తోట
కట్టలుగా అమ్మడం నేనైతే చూడలేదు. మీ అపార్ట్‌మెంట్‌లోనే ఎవరి బాల్కనీలోనో ఉండి ఉంటుంది, బజ్జీల కోసం చాలామంది పెంచుతారు. నర్సరీలో అయినా దొరుకుతుంది. ఒక కొమ్మ అడిగి తెచ్చి మట్టిలో గుచ్చితే నాటుకుంటుంది. శనివారానికి మాత్రం అందిరాదు, కొమ్మతో పాటు రెండాకులు కూడా అడగండి.