నిలబడ్డ మనిషి బొమ్మ కట్టెలా వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నమస్తే అండీ. ముఖాలు గీస్తే పోలిక బాగానే వస్తుంది. మనిషిని నిలువునా గీస్తే మాత్రం బిగుసుకుపోయినట్టు ఉంటోంది. ఫోన్లో ఫొటోలు చూసి గీస్తాను. బంకమట్టితో అడుగు ఎత్తు బొమ్మ చేస్తే, లోపల తీగ పెట్టినా ఆరేసరికి కాళ్ల దగ్గర బీటలు. అనాటమీ పుస్తకం కొనాలా?

జవాబు: కండరాల పేర్లకు తొందరేం లేదు తమ్ముడూ. ముందు బరువు ఏ కాలి మీదుందో చూడు. ఒక కాలి మీద బరువు వేసి నిలబడితే ఆ పక్క తుంటి పైకి లేస్తుంది, అదే పక్క భుజం కిందికి దిగుతుంది. గొంతు గుంట నుంచి దారానికి రాయి కట్టి వదిలావనుకో, అది బరువు మోసే పాదం దగ్గరికి రావాలి. నీ బొమ్మల్లో తుంటి గీత, భుజాల గీత రెండూ స్కేలు పెట్టినట్టు అడ్డంగా ఉండుంటాయి, పందెం! బస్టాండులో కూర్చుని మనిషికో నిమిషం చొప్పున గీయి. ముఖం జోలికి పోకు. ఫొటో తప్పదంటే దూరం నుంచి, బొడ్డు ఎత్తులో తీసింది వాడు. దగ్గరగా నిలబడి తీస్తే తల పెద్దదై కాళ్లు పొట్టివవుతాయి.

అడిగినవారు: థాంక్స్ అన్నా. మాది హనుమకొండ. రామప్ప గుడి మదనికల్ని, అంటే అక్కడ చెక్కిన ఆడవాళ్ల శిల్పాల్ని, చూసి గీయొచ్చా?

జవాబు: ఒంటి వంపు కోసం తప్పకుండా వెళ్లు, కొలతల కోసం వద్దు. అవి కావాలని సన్నగా, పొడుగ్గా చెక్కినవి. ఇంకోటి, శిల్పశాస్త్రంలో నవతాళం అంటే బొమ్మ ఎత్తు ముఖానికి 9 రెట్లు. ఆ ముఖం నుదుటి జుట్టు మొదలు నుంచి గడ్డం వరకే. మనం మామూలు మనిషి ఎత్తుకు చెప్పే ఏడున్నర తలల లెక్కలో తల అంటే నడినెత్తి నుంచి గడ్డం వరకు. రెండూ కలిపేస్తే బొమ్మ పాడవుతుంది.

మరొకరు: మట్టి సంగతి నేను చెప్తాను. ఆరితే మట్టి కుంచించుకుపోతుంది, తీగ కుంచించుకోదు, అందుకే బీటలు. ప్రాక్టీసుకు ఆయిల్ క్లే (నూనె కలిపిన మట్టి) తీసుకోండి, ఆరదు. బంకమట్టే కావాలంటే పని అయ్యేదాకా తడిగుడ్డ, పైన పాలిథిన్ కవరు కప్పి ఉంచండి. నచ్చితే మోల్డు తీసి ప్లాస్టర్‌లో పోత పోసుకోవచ్చు. 30 సెం.మీ. బొమ్మకు తల 4 సెం.మీ., సగం ఎత్తు గజ్జల దగ్గర. అల్యూమినియం తీగకు సన్నతీగ చుడితే మట్టి జారదు. బరువంతా కాళ్ల మీద వేయకుండా వెనక నుంచి నడుముకు ఇనుప చువ్వ ఆనించి పీటకు బిగించండి. ఈసారి ఫొటో పెట్టేటప్పుడు పక్క నుంచి తీసింది కూడా పెట్టండి, తప్పులు దొరికేది అందులోనే.