జోంగా ఇంజన్‌తో ఇంట్లో కట్టిన బండి: పావుగంటకే ఆగిపోతోంది

గోపాలపట్నం షెడ్డు:
అన్నలూ, రెండేళ్లుగా మా పెరట్లో కడుతున్న బండి ఎట్టకేలకు కదిలింది. మిలిటరీ డిస్పోజల్లో కొన్న జోంగా (ఆర్మీ వాడిన పాత జీపు లాంటి బండి) ఛాసిస్, దాని ఇంజనే. 3956 సీసీ పెట్రోలు, వరసగా ఆరు సిలిండర్లు. పాత బాడీ అంతా పీకేసి రెండు సీట్ల హాట్ రాడ్‌గా, అంటే ఇంజన్ బయటికి కనిపించే షోకు బండిగా కట్టాను. బానెట్ లేదు, ముందు మడ్‌గార్డుల్లేవు. పెట్రోలు ట్యాంకు కూడా రేకు తెచ్చి నేనే వెల్డింగ్ చేసి వెనక పెట్టాను.

ఆనందపురం దగ్గర ఇళ్లు ఇంకా కట్టని ఒక లేఅవుట్‌లో, ఓనరుని అడిగి పొద్దున్నే ట్రయల్ వేస్తున్నా. స్లోస్పీడ్‌లో ఇంజన్ మీద రూపాయి బిళ్ల నిలబెడితే పడదు. కానీ పావుగంట నడిచాక థర్డ్ గేరులో మిస్సింగ్ మొదలవుతుంది, కార్బురేటర్ రెండుసార్లు తుమ్ముతుంది, ఆగిపోతుంది. ఇరవై నిమిషాలు వదిలేస్తే మళ్లీ స్టార్ట్. వేడి మీద సెల్ఫ్ కూడా నీరసంగా తిరుగుతోంది. కార్బురేటర్ మూడుసార్లు విప్పాను. ఇంకేం చూడమంటారు?

తడిగుడ్డ:
ఎయిర్ లాక్, అనుమానమే లేదు. వేడికి పైపులో పెట్రోలు ఆవిరై దారి మూసేస్తోంది. మా నాన్న అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. వేసవిలో అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ పంపు (పెట్రోలు లాగే పంపు) మీద తడిగుడ్డ కట్టడానికే సీటు కింద ఒక పాత లుంగీ ఉండేది. పెట్రోలు పైపు సైలెన్సర్ పక్కనుంచి పోతోందేమో చూడు.

కంచరపాలెం మెకానిక్:
ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. దానికి గాలి తక్కువ చాలు. కార్బురేటర్లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు, అదే జెట్లు, పాతవే పెట్టి నడిపితే మిక్చర్ పల్చబడి తుమ్ముతుంది. పాత రబ్బరు పైపులు ఉంటే అవి కూడా ఉబ్బి పొడి రాలుతుంది, ముందు అవి మార్చేయండి. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడండి.

ఆటోనగర్ రిటైర్డ్:
బాబూ, ఆ కార్బురేటర్‌ని కొన్నాళ్లు వదిలెయ్. నేను చూసిన ‘కార్బురేటర్ కంప్లైంట్’లలో సగం పాయింట్లలోనే (ప్లగ్గులకి కరెంటు తెంపి కలిపే కాంటాక్టులు) దొరికాయి. ముందు టాపెట్లు (వాల్వుల గ్యాప్), తర్వాత పాయింట్ల గ్యాప్, తర్వాత టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే వేళ). మిక్చర్ జోలికి అన్నిటికంటే ఆఖర్న వెళ్లాలి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-5-3-6-2-4, ప్లగ్ వైర్లు ఒకసారి వేలు పెట్టి లెక్కపెట్టు. ఇంజన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌కి వాక్యూమ్ గేజీ తగిలించు, ఇంజన్ ఎంత బలంగా పీలుస్తోందో చూపిస్తుంది. మనది సముద్ర మట్టం కాబట్టి స్లోస్పీడ్‌లో 17 నుంచి 21 అంగుళాల మధ్య ముల్లు కదలకుండా నిలవాలి. ముల్లు కొట్టుకుంటే వాల్వుల సంగతి, తక్కువగా నిలబడితే టైమింగ్ వెనకబడిందేమో. ఒక్కొక్కటే మార్చు. మూడూ కలిపి తిప్పితే ఏది పనిచేసిందో నీకే తెలీదు.

గోపాలపట్నం షెడ్డు:
అన్నీ చూశాను బాబాయ్ గారూ. ముల్లు 19 దగ్గర కదలట్లేదు. టైమింగ్ లైటు పెట్టి చూశా, గుర్తు సరిగ్గా ఉంది. పైపు సైలెన్సర్‌కి తగలకుండా జానెడు ఎడంగానే ఉంది. తడిగుడ్డ కట్టినా అదే పావుగంట.

ఒక విచిత్రం. నిన్న ఆగిపోయినప్పుడు పెట్రోలు అయిపోయిందేమోనని క్యాన్‌లోంచి ఐదు లీటర్లు పోశాను. ఇరవై నిమిషాలు ఆగకుండా వెంటనే అందుకుంది!

పాత స్కూటరమ్మ:
షెడ్డు గారూ, ట్యాంకు మూతకి గాలి రంధ్రం ఉందా?

కాలేజీ రోజుల్లో వాన నీళ్లు దిగకుండా స్కూటర్ ట్యాంకు మూత కింద పాలిథిన్ కవరు పెట్టి బిగించేదాన్ని. వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బయల్దేరితే మద్దిలపాలెం వచ్చేసరికి ఆగిపోయేది. మెకానిక్ మూత తీసి చూపిస్తే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్లాలి కదా. వెళ్లకపోతే మీ పంపు లాగలేదు. మీరు పోసిన ఐదు లీటర్లు కాదు, మూత తియ్యడమే పనిచేసి ఉంటుంది. ఈసారి ఆగగానే పెట్రోలు పొయ్యకుండా ఉత్త మూత తిప్పి చూడండి.

గోపాలపట్నం షెడ్డు:
అమ్మా, నమస్కారం! మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి లాగింది. సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్. రెండేళ్లు కట్టి, ట్యాంకుకి ఊపిరి పెట్టడం మర్చిపోయాను. ఇప్పుడే మూతకి డ్రిల్లు వేసేస్తున్నా.

ఆటోనగర్ రిటైర్డ్:
ఆగు ఆగు. పెట్రోలు ఉన్న ట్యాంకు దగ్గర డ్రిల్లేంటి? మూత తీసి షెడ్డు బయటికి తీసుకెళ్లు. అయినా ఉత్త రంధ్రం పెడితే మలుపుల్లో పెట్రోలు చిమ్ముతుంది. ట్యాంకు పైభాగం నుంచి సన్న పైపు ఎత్తుగా తీసి, వంచి, కిందికి వదులు. ఒక ఫైర్ సిలిండర్ సీటు పక్కన పెట్టుకో, నీ బండికి బానెట్ కూడా లేదు.

సెల్ఫ్ నీరసం వేరే రోగం. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంది, ఛాసిస్‌కి నిండా పెయింటు. సెల్ఫ్ కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, అదే ఎర్త్, ఎటు పోతోంది?

గోపాలపట్నం షెడ్డు:
సెల్ఫ్ కొడుతూ యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకున్నాను, చెయ్యి చురుక్కుమంది. కరెంటంతా దాంట్లోంచే! ఇంజన్ నుంచి ఛాసిస్‌కి జడలా అల్లిన ఎర్త్ వైరు వేసి, కింద పెయింటు గీకి బిగించా. వేడి మీద కూడా ఇప్పుడు ఠక్కున తిరుగుతోంది.

కంచరపాలెం మెకానిక్:
జెట్ మార్చమన్నందుకు క్షమించాలి. అయితే రోడ్డు మీదకి తెచ్చే ముందు ఒకటి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, ఆర్సీలో ఉన్నదానికి తేడాగా మారిస్తే ఆర్టీవో అనుమతి కావాలి. ఛాసిస్, ఇంజన్ నంబర్లు పాతవే కావడం మంచిదే గానీ బాడీ సంగతి అడగండి. అడక్కుండా బీచ్ రోడ్డుకి తేవద్దు, భీమిలి దాకా మీ బండి ఫొటోలు తీసేవాళ్లే ఉంటారు.

గోపాలపట్నం షెడ్డు:
ఇంకా లేఅవుట్ గేటు దాటలేదన్నా. ఈరోజు 40 నిమిషాలు ఆగకుండా తిప్పాను. థర్డ్‌లో తొక్కితే ఆ ఆరు సిలిండర్ల గుర్‌ర్ శబ్దానికి వాచ్‌మన్ తాత కుర్చీ లోపల పెట్టేసుకున్నాడు. బ్రేకు గట్టిగా వేస్తే మాత్రం ఎడమకి లాగుతోంది. కుడివైపు డ్రమ్ములోకి గ్రీజు వచ్చి అటు బ్రేకు పట్టట్లేదని అనుమానం. ఆదివారం విప్పుతున్నా. వచ్చేవాళ్లు వీల్ పానా పట్టుకు రండి, నాది లేఅవుట్‌లోనే ఎక్కడో పడిపోయింది.