అప్‌డేట్: రూట్ కెనాల్‌లో మెషీన్ కొలతకీ ఎక్స్‌రేకీ తేడా ఎందుకొచ్చిందంటే

పోయిన వారం అడిగాను కదా, నా కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేస్తుంటే మెషీన్ పంటి వేరు లోపలుండే ఒక కాలువ పొడవు 17 మిల్లీమీటర్లే అంటోంది, ఎక్స్‌రేలో వేరు ఇంకా కిందికి కనిపిస్తోంది, డాక్టర్‌ని మార్చాలా అని. మార్చలేదు. నిన్న రెండో సిట్టింగ్ అయింది.

తేడాకి కారణం పాత సిల్వర్ ఫిల్లింగ్. కాలువ పొడవు కొలిచే ఆ మెషీన్‌కి (అపెక్స్ లొకేటర్ అంటారు) రెండు వైర్లుంటాయి. ఒకదాని కొక్కెం పెదవికి తగిలిస్తారు, రెండోదాని క్లిప్పు కాలువలో దింపిన ఫైలుకి, అంటే కాలువని శుభ్రం చేసే సన్నటి సూదిలాంటి లోహపు పనిముట్టుకి పెడతారు. ఫైలు కొన వేరు చివరికి చేరితే బీప్ వస్తుంది. నా పంట్లో ఫైలు ఆ లోహానికి తగిలి, కరెంటు అటు నుంచే చిగురులోకి పోయింది. అందుకే ముందే బీప్.

ఈసారి ఫిల్లింగ్ మొత్తం తీసేసి, లోపల తడి ఆరబెట్టి కొలిచారు. మూడుసార్లూ 20.5 వచ్చింది. ఫైలు మీదున్న చిన్న రబ్బరు బిళ్ళని పన్ను మొనకి ఆనేలా జరిపి, బయటికి తీసి స్కేలు మీద నాకే చూపించారు. ఫైలు లోపలుండగానే ఎక్స్‌రే తీస్తే కొన వేరు చివరికి ఒక మిల్లీమీటరు లోపు దూరంలో ఆగింది. అలాగే ఆగాలట, దాటితే ఎముకలో గుచ్చుకుంటుంది.

17 దగ్గరే ఆపేసి ఉంటే? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. "ఫైలు పెట్టి ఎక్స్‌రే తీయమని అడగండి" అన్నవారికి చాలా చాలా థాంక్స్. గురువారం కాలువలు మూసేస్తారు.