రెండో కారు అమ్మేసి వేమో, బార్ట్‌లతో నెట్టుకురావచ్చా?

ప్రశ్న: శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటున్నాం, ఇంట్లో రెండు కార్లు. ఒకటి తీసేసి వేమో (డ్రైవర్ లేని టాక్సీలు), బార్ట్ (ఇక్కడి లోకల్ రైలు) వాడుకుంటే లాభమా? లెక్క ఎలా వేసుకోవాలండీ?

జవాబు 1: అమ్మబోయే కారు ఏడాది ఖర్చంతా రాయండి: ఇన్సూరెన్స్, పార్కింగ్, రిజిస్ట్రేషన్, సర్వీసు, టైర్లు, అన్నిటికంటే ముఖ్యంగా తరుగుదల (ఏటా కారు విలువ పడిపోవడం). చాలామంది గ్యాస్ (పెట్రోలు) ఒక్కటే లెక్కేసి బోల్తా పడతారు. వచ్చినదాన్ని 12తో భాగిస్తే నెల ఖర్చు తెలుస్తుంది. తర్వాత దాంతో పోల్చుకోడానికి మీరు రోజూ వెళ్లే దారికి వేమో యాప్‌లో ఉదయం 8కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 10కి రేటు చూడండి. రద్దీవేళ రేటు వేరుగా ఉంటుంది, సగటు వేసుకుంటే మోసపోతారు.

జవాబు 2: చిన్నపిల్లలున్నారా? కాలిఫోర్నియాలో 8 ఏళ్లలోపు వాళ్లకి, ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు దాటితే తప్ప, కార్ సీటో బూస్టరో తప్పనిసరి. డ్రైవర్ ఉండడు కాబట్టి బిగించేది, విప్పేది, మోసేది మీరే. డేకేర్ దింపుడు ఉంటే సొంత కారే నయం.

జవాబు 3: ఆఫీసు ఓక్లాండ్ వైపైతే బార్టే ఎక్కండి. డ్రైవర్ లేనంత మాత్రాన ఓక్లాండ్‌కి వెళ్లే బే బ్రిడ్జి వెడల్పవదు కదా! పైగా ఈ కార్లు ఒకరిని దింపి ఇంకొకరి కోసం ఖాళీగా తిరుగుతాయి, రోడ్డు మీద చోటు మాత్రం అంతే తింటాయి. వేమోని స్టేషన్ దాకా, రాత్రి ఆలస్యమైనప్పుడు వాడుకోండి.